నైజాం దాటితే పరదేశం

చిట్యాల నుంచి విజయవాడకు ఇవాళ ఎంతసేపు? ఎక్కడా ఆగకపోతే మూడు గంటలు. సూర్యాపేటలో టిఫిను చేస్తే మూడున్నర. కొర్లపహాడ్‌లో ఒక టోల్‌గేటు, చిల్లకల్లులో మరొకటి. ఫాస్టాగ్ ఉంటే అక్కడా పెద్దగా ఆగే పనిలేదు.

అదే ప్రయాణం 1940లో చేయాల్సి వస్తే? ముందు చేయాల్సింది బండి చూసుకోవడం కాదు... డబ్బు మార్చుకోవడం. చిట్యాల అంగట్లో చెల్లే రూపాయి బెజవాడ బజారులో చెల్లదు మరి! చార్మినార్ బొమ్మతో వచ్చే నైజాం రూపాయిని హాలీ సిక్కా అనేవారు. ఇంగ్లీషు రాజు తలకాయ ఉన్నది కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు చేతికొచ్చేవి. సరుకు విలువ అంతే ఉన్నా, ఏడు పోసి ఆరు తెచ్చుకోవడం లెక్క రాని రైతుకు మోసంలాగే కనిపించి ఉంటుంది. మార్చి ఇచ్చే షావుకారు అందులోనూ తన వాటా తాను చూసుకునేవాడు.

డబ్బు ఒక్కటే కాదు. తపాలా బిళ్ల వేరు. రైలు కంపెనీ వేరు. చివరికి సంవత్సరం కూడా వేరే. నైజాం కచేరీ కాగితాల మీద నడిచేది ఫసలీ లెక్క. బయట 1948 నడుస్తుంటే ఇక్కడ 1357. ఇప్పటికీ నల్లగొండ, పాలమూరు ఇళ్లలో తాతల నాటి భూమి కాగితాలు బయటికి తీస్తే ఉర్దూ అక్షరాలూ ఫసలీ అంకెలే కనిపిస్తాయి. వాటిని చదివి పెట్టేవాళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగే కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

హైదరాబాదు సంస్థానం అంటే 82 వేల చదరపు మైళ్ల రాజ్యం. 1941 జనాభా లెక్కల ప్రకారం కోటీ అరవై మూడు లక్షల మంది. ఇంగ్లీషువాళ్ల నీడలో ఉన్నదే అయినా, సొంతంగా కాగితం నోట్లు అచ్చేసుకునే హక్కు దేశంలో ఈ ఒక్క సంస్థానానికే ఉండేది. ఆ నోట్లు 1918లో మొదలయ్యాయి. అందుకే పల్లెటూరి మాటల్లో ఇది ‘నైజాం ఇలాఖా’, కృష్ణా జిల్లా ‘ఇంగ్లీషోళ్ల ఇలాఖా’. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కొలిచే దేవుళ్లు వాళ్లే, పిల్లను ఇచ్చిపుచ్చుకునేదీ ఉండేది. మధ్యలో మాత్రం ఒక గీత.

ఆ గీత దగ్గర కూర్చునేవాళ్లను కరోడ్‌గిరీ వాళ్లు అనేవారు. అంటే సుంకాల శాఖ. నల్లగొండ మెట్ట నేలల్లో పండే ఆముదాలు బండికెత్తి అటు తీసుకెళితే సుంకం. అటు నుంచి ఉప్పు, మిల్లు బట్ట తెస్తే సుంకం. నూటికి ఐదు వంతులకు మించకూడదని ఇంగ్లీషువాళ్లతో 1802లోనే ఒడంబడిక ఉంది. చెప్పుకోవడానికి ఐదే. నాకా దగ్గర బస్తాలు విప్పించి, కట్టించి, పొద్దుగూకే దాకా కూర్చోబెడితే, ఆ బాధ తప్పించుకోవడానికి రైతు ఇచ్చుకునేది ఏ ఒడంబడికలోనూ ఉండదు కదా.

రైలు సంగతి చిట్యాలకు సంబంధం లేని విషయం. నైజాం రైలు సికింద్రాబాదు నుంచి భువనగిరి, కాజీపేట, ఖమ్మం మీదుగా బెజవాడ చేరేది. నల్లగొండ పట్టణానికే రైలు లేని రోజులవి. కాబట్టి ఈ ప్రాంతానికి దిక్కు రోడ్డే. హైదరాబాదు నుంచి బందరు రేవుకు పోయే పాత బాట అది. గోల్కొండ సుల్తానుల కాలం నుంచీ సరుకులు ఆ వైపు నడిచినవే. 1932లో నిజాం రైల్వే వాళ్లే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. పల్లెటూరి మనిషి మాత్రం ఇంకా చాలా ఏళ్లు ఎడ్లబండిని, కాళ్లనే నమ్ముకున్నాడు.

మధ్యలో ఒక దీవి

ఇక్కడే ఒక తమాషా ఉంది. చిట్యాల నుంచి తూర్పుగా బయల్దేరితే నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట... అంతా నైజామే. ఆ తర్వాత మునగాల. అది నైజాం కాదు! కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో భాగం. అంటే మద్రాసు రాజధాని. అక్కడ కల్దారు చెల్లుతుంది, ఇంగ్లీషు పోలీసు తిరుగుతాడు. ఇంకాస్త ముందుకెళితే కోదాడ. మళ్లీ నైజాం. కోదాడ దాటాక జగ్గయ్యపేట వైపు మళ్లీ ఇంగ్లీషు ఇలాఖా. ఒక్క రోడ్డు మీద, ఒక్క ప్రయాణంలో మూడుసార్లు రాజ్యం మారేది.

మునగాల పరగణా అంటే నలభై చిల్లర ఊళ్లు. చుట్టూ నైజాం నేల, నడుమ సముద్రంలో దీవిలా ఈ జమీందారీ. నడిగూడెం కోటలో ఉండే రాజా నాయని వెంకటరంగారావు దీనికి జమీందారు. ఆయన దగ్గర దివానుగా పనిచేసిన వ్యక్తి కొమర్రాజు లక్ష్మణరావు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసిందంటే, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టిందంటే ఈ ఇద్దరి చెయ్యీ అందులో ఉంది. నైజాంలో తెలుగు చదువుకు ఊపిరి పోసినవాళ్లలో ముఖ్యులు నైజాం కాని నైజాం నుంచి వచ్చారన్నమాట. మండలి హైదరాబాదులో పుట్టినా రెండేళ్లకే మద్రాసుకు తరలిపోయింది.

ఆ జమీందారీలో జనం సుఖంగా ఉన్నారని అనుకోనక్కర్లేదు. మునగాల రైతులు జమీందారు మీద పెద్ద పోరాటమే చేశారు. కానీ గీతకు ఇవతల ఉన్నవాడికి ఆ దీవి ఇంకోలా కనిపించేది. నైజాంలో పది మంది కూడి సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు పేరు వింటేనే అప్పటి కార్యకర్తలకు ఒళ్లు మండేది. బయటి పత్రికల మీద నిషేధాలు పడేవి, తీసేవారు, మళ్లీ పడేవి. గీత దాటితే ఆ పత్రికే బహిరంగంగా చదువుకోవచ్చు. దేవరకొండలో 1931లో, చిలుకూరులో 1941లో ఆంధ్ర మహాసభలు జరిపినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. చిలుకూరు సభకు అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి. సొంతూరు భువనగిరి దగ్గరి బొల్లేపల్లి. చిట్యాలకు దూరమేమీ కాదు.

అటు వెళ్లినవాళ్లలో రాజకీయాల మనుషులు తక్కువే. వెట్టి భరించలేక రాత్రికి రాత్రి మూటాముల్లె సర్దుకున్న కూలీలు ఉన్నారు. బతుకుతెరువు కోసం షోలాపూర్ మిల్లులకు చేరిన నల్లగొండ పద్మశాలీలు ఉన్నారు. షోలాపూర్ కూడా ఇంగ్లీషు ఇలాఖానే! చదువు కోసం వెళ్లిన కుర్రాళ్లూ ఉన్నారు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి వెళ్లగొడితే, ఆ విద్యార్థులను చేర్చుకున్నది నాగపూర్ విశ్వవిద్యాలయం. వాళ్లలో ఒకరు తర్వాత ప్రధానమంత్రి అయ్యారు, పి.వి. నరసింహారావు.

ఇటు వచ్చినవాళ్లు లేకపోలేదు. నిజాంసాగర్ నీళ్లు పారాక గుంటూరు, కృష్ణా రైతులు నిజామాబాద్, బోధన్ వైపు వచ్చి చౌకగా భూములు కొన్నారు. భూమికి అడ్డు లేదు గానీ సర్కారు కొలువుకు ఉంది. 1919 నాటి ముల్కీ నిబంధనల ప్రకారం బయటివాడికి నైజాం ఉద్యోగం కావాలంటే 15 ఏళ్లు ఇక్కడే కాపురముండాలి. పైగా, ఇక సొంతూరికి తిరిగిపోయే ఆలోచన లేదని మేజిస్ట్రేటు ముందు ప్రమాణపత్రం ఇవ్వాలి. ఒక పౌరసత్వ చట్టంలో ఉండాల్సిన మాటలివి. తెలుగువాడు తెలుగుగడ్డ మీదికి రావడానికి రాయించుకున్నారు.

ఒక ఏడాది, ఒక నెల

1947 ఆగస్టు 15 దాకా ఇదంతా ఒక రకం. గీతకు రెండు వైపులా పైన ఉన్న దొర ఇంగ్లీషువాడే కాబట్టి, గీత ఎంత లోతుగా ఉన్నా అది ఇంటి మధ్య గోడలాంటిది. ఆ రోజు తర్వాత అది నిజంగానే రెండు రాజ్యాల సరిహద్దు అయింది. తాను ఇటూ చేరను, అటూ చేరను, స్వతంత్రంగా ఉంటానని నిజాం ఆ జూన్‌లోనే ఫర్మానా వెలువరించాడు. మునగాల ఇప్పుడు స్వతంత్ర భారతం. పక్కనున్న కోదాడలో మూడు రంగుల జెండా ఎత్తితే జైలు.

1947 నవంబరు 29న ఢిల్లీతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాదిపాటు ఎక్కడివక్కడ ఉండాలని దాని సారాంశం. నిండా కొద్ది వారాలు గడవక ముందే నైజాం ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు తెచ్చింది. ఒకటి, బంగారం, వెండి లాంటివి భారత్‌కు తరలించడం మీద ఆంక్ష. రెండోది, భారత రూపాయి ఇక్కడ చెల్లదు. బెజవాడలో సరుకు అమ్ముకొచ్చిన రైతు మొలలో ఉన్న కల్దార్లు రాత్రికి రాత్రి చెల్లని డబ్బయ్యాయి. దానికి జవాబుగా అటు వైపు నుంచి సరుకుల రాక బిగుసుకుంది. పెట్రోలు, మందులు, యంత్రాల విడిభాగాలు... అన్నింటికీ మించి ఉప్పు. సముద్రం లేని రాజ్యానికి ఉప్పు బయటినుంచి రావాల్సిందే. నల్లగొండ పల్లెలో సిరిమంతుడి ఇంట్లో కూడా గంజిలో వేసుకోవడానికి ఉప్పురాయి అపురూపమైన రోజులవి. ఢిల్లీ దీన్ని దిగ్బంధం అని ఒప్పుకోలేదు. పేరు ఏదైతేనేం, ఆ కరువు నవాబు భోజనాల బల్ల దాకా పోలేదు. ఉప్పు లేనిది కూలివాడి కుండలో.

ఇక మనుషులు. ఖాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ల మీద పడుతుండగా, అటు కమ్యూనిస్టు దళాలు గడీల మీద పడుతున్నాయి. కాబట్టి పారిపోయినవాళ్లు రెండు రకాలు. దేశ్‌ముఖులు, పటేళ్లు, పట్వారీలు పడమటికి, హైదరాబాదు నగరానికి. రజాకార్ల కంట్లో పడ్డవాళ్లు తూర్పుకు, గీత దాటి. ఇద్దరికీ దారి ఒక్కటే... చిట్యాల మీదుగా పోయే ఆ రోడ్డు, దాని పక్కనున్న బండ్లబాటలు.

పగలు రోడ్డెక్కే ధైర్యం ఎవరికి? రాత్రి నడక, పగలు జొన్నచేలల్లో దాగడం. పసిపిల్ల ఏడిస్తే నోరు మూయాలి. పశువులను వదిలెయ్యాలి. తలుపుకు తాళం వేసినా, వేయకపోయినా ఒక్కటే. అట్లా చేరినవాళ్లతో బెజవాడ, నందిగామ, మునగాల పరగణా నిండాయి. బర్మా నుంచి 1942లో నడిచొచ్చిన తెలుగువాళ్లను పత్రికలు కాందిశీకులు అన్నాయి. ఆరేళ్లు తిరక్కుండానే అదే మాట నల్లగొండవాళ్లకూ వచ్చిపడింది. రంగూన్ నుంచి వచ్చినవాళ్లు కొండలు, అడవులు దాటారు. వీళ్లు దాటింది ఒక వాగు, ఒక నాకా. కానీ వెనక్కి చూస్తే ఇల్లు అంతే దూరం.

సరిహద్దు పొడవునా శిబిరాలు వెలిశాయి. కాంగ్రెస్‌వాళ్లవి కొన్ని, కమ్యూనిస్టులవి కొన్ని. అటు చాందా శిబిరంలో పి.వి. నరసింహారావు పనిచేశారు. అన్నం పెట్టే శిబిరాలే ఆయుధం పట్టడం నేర్పే శిబిరాలు కూడా. అక్కడి నుంచి రాత్రిళ్లు గీత దాటి వచ్చి నైజాం నాకాల మీద, పోలీసు ఠాణాల మీద దాడులు చేసి తిరిగి వెళ్లేవారు. కరోడ్‌గిరీ నాకాను తగలబెట్టడమంటే జనానికి ఒక రకం సంబరం. ఎన్నేళ్ల బస్తాలు విప్పిన కోపమో!

అందరూ పారిపోలేకపోయారు. చిట్యాల మండలంలోనే, హైవే మీద హైదరాబాదు వైపు వెళ్తుంటే గుండ్రాంపల్లి వస్తుంది. రజాకార్లు ఈ ఊరి మీద పడి చేసిన ఊచకోతకు గుర్తుగా అక్కడ స్తూపం ఉంది. ఏటా సెప్టెంబరు 17న నాయకులు వచ్చి పూలు వేస్తారు. బస్సు కిటికీలోంచి చూసేవాళ్లలో ఎందరికి అదేమిటో తెలుసు?

ఆ ఏడాది రైలెక్కడం కూడా గుండె దిటవు పనే. నైజాం మీదుగా పోయే మద్రాసు - బొంబాయి రైలు మీద 1948 మే 22న గుల్బర్గా వైపు గంగాపూర్ స్టేషన్లో దాడి జరిగింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. పైన ఆకాశంలో మాత్రం ఒక ప్రయాణం సాఫీగా సాగిపోయింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా విమానికుడు కరాచీ నుంచి రాత్రిళ్లు విమానాల్లో తుపాకులు తెచ్చి బీదర్‌లో, వరంగల్‌లో దింపేవాడు. ఉప్పు రావడానికి లేని దారి తుపాకులకు దొరికింది.

ఆగస్టులో నిజాం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేశాడు. తనది వేరే దేశమని, పొరుగుదేశం మీదికొస్తోందని. భద్రతామండలి పారిస్‌లో దాన్ని విచారణకు తీసుకున్నది సెప్టెంబరు 16న. అప్పటికే ఆలస్యమైపోయింది. 13న భారత సైన్యం నలుదిక్కుల నుంచీ కదిలింది. బెజవాడ నుంచి బయల్దేరిన దళాలు కోదాడ తీసుకుని సూర్యాపేట మీదికొచ్చాయి. వెనక్కి పోతూ నైజాం సైనికులు మూసీ మీద వంతెన పేల్చేశారు. పేల్చారే గానీ అవతలి ఒడ్డున కాపలా కాయలేదు. భారత సైన్యం దాన్ని బాగు చేసుకుని ముందుకొచ్చింది. నార్కట్‌పల్లి దగ్గర ఎదురుపడిన రజాకార్ల దళం ఒకటి తుడిచిపెట్టుకుపోయింది. అక్కడి నుంచి చిట్యాల పక్క ఊరే. 17 సాయంత్రం నిజాం రేడియోలో మాట్లాడాడు. మర్నాడు ఎల్ ఎద్రూస్, జనరల్ చౌధురి ముందు లొంగిపోయాడు. పారిస్‌లో పెట్టిన ఫిర్యాదును 22న నిజామే వెనక్కి తీసుకున్నాడు.

గీత చెరిగాక

శిబిరాల్లో ఉన్నవాళ్లు బండ్లు కట్టుకుని వెనక్కొచ్చారు. ఇదే కథ అయితే ఇక్కడితో సుఖాంతం. కానీ అదే వారం ఇంకో వలస మొదలైంది. రజాకార్లు చేసినదానికి రజాకార్లు కానివాళ్లు బదులు చెల్లించారు. ముఖ్యంగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లిం కుటుంబాల మీద దాడులు జరిగాయి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం తిరిగి చూసి, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. పల్లెల నుంచి ఎందరో హైదరాబాదు నగరానికి చేరారు. కొందరు సముద్రం దాటి కరాచీ వెళ్లారు. ప్రధానిగా ఉన్న లాయక్ అలీ 1950 మార్చిలో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజ్వీ శిక్ష ముగించుకుని 1957లో వెళ్లాడు. వీళ్లకు పేర్లున్నాయి. మిగతావాళ్లు కరాచీలో హైదరాబాద్ కాలనీ అనే పేరు మాత్రం మిగుల్చుకున్నారు. అంతకు ముందు ఏడాది గీత దాటి బతికినవాడికి తిరిగి రావడానికి ఊరుంది. ఇప్పుడు దాటినవాడికి మధ్యలో ఒక కొత్త దేశపు పాస్‌పోర్టు అడ్డొచ్చింది.

కమ్యూనిస్టుల సంగతి మరీ విచిత్రం. నిన్నటిదాకా నైజాం పోలీసు తరిమితే కృష్ణా జిల్లాలోకి దూకేవారు. 1948లో మద్రాసు ప్రభుత్వం అటువైపు వాళ్ల మీద విరుచుకుపడింది. సెప్టెంబరు తర్వాత ఇటువైపూ అదే సైన్యం, అదే చట్టం. గీత చెరిగిపోయింది కాబట్టి దూకడానికి అవతల అంటూ ఏమీ మిగల్లేదు. దళాలు నల్లమల అడవుల్లోకి, గోదావరి అడవుల్లోకి పోయాయి. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి పార్లమెంటుకు నెగ్గారు. నెహ్రూ కంటే ఎక్కువ మెజారిటీతో.

రూపాయి మాత్రం అంత తొందరగా మారలేదు. 1950లో భారత రూపాయి వచ్చినా, హాలీ సిక్కా దాని పక్కనే 1959 దాకా నడిచింది. రాజ్యం ఐదు రోజుల్లో పోయింది, నాణెం పదకొండేళ్లు పట్టింది!

ముల్కీ అయితే ఇంకా మొండిది. పోలీసు చర్య తర్వాత పాలన నడపడానికి మద్రాసు వైపు నుంచి ఉద్యోగులు దిగారు. ప్రమాణపత్రాల పట్టింపు సడలింది. 1952లో వరంగల్‌లో మొదలై హైదరాబాదు దాకా పాకిన ఆందోళనలో ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని విద్యార్థులు నినదించారు. ఆ సెప్టెంబరులో హైదరాబాదులో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 1956 నవంబరు 1న రెండు ఇలాఖాలు ఒక రాష్ట్రమయ్యాయి. మునగాల దీవి నల్లగొండ జిల్లాలో కలిసింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లొచ్చాక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు తూర్పు రైతుల రాక పెరిగింది. 1969లో మళ్లీ మంటలు. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. అంతే, ఈసారి అవతలివైపు ఆందోళన. 1919లో నిజాం గీసిన గీత మీద స్వతంత్ర దేశపు పార్లమెంటు 1973లో రద్దు చట్టం చేయాల్సి వచ్చింది.

2014 జూన్ 2న కోదాడ అవతల రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర గీత మళ్లీ వచ్చింది. రాష్ట్రాల హద్దు కాబట్టి పాతదానితో పోలిస్తే మెత్తనిది. రూపాయి ఒక్కటే, జెండా ఒక్కటే. అయినా 2015 ఏప్రిల్ నుంచి ఏపీ నంబరు లారీలకు, బస్సులకు తెలంగాణలోకి రావడానికి వేరే పన్ను పడింది. కరోడ్‌గిరీ తాతలు చూసి ఉంటే ముచ్చటపడేవారు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు హాస్టళ్లు మూతపడ్డాయి. పోలీసుల దగ్గర పాసులు తీసుకుని వేలమంది కుర్రాళ్లు, ఉద్యోగినులు కార్లలో, మోటారు సైకిళ్ల మీద ఈ రోడ్డెక్కారు. చిట్యాల దాటారు, సూర్యాపేట దాటారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. రావాలంటే 14 రోజులు క్వారంటైన్‌లో ఉండాలన్నారు అటువైపు. ఇటు ఇచ్చిన పాసు అటు చెల్లలేదు. రాత్రంతా రోడ్డు మీదే గడిచింది. కొందరు ఒప్పుకుని లోపలికి వెళ్లారు, కొందరు వెనక్కి తిరిగారు.

మరుసటి ఏడాది, 2021 మేలో ఆగింది అంబులెన్సులు. హైదరాబాదు ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు కాగితం ఉంటేనే తెలంగాణలోకి రానిస్తామన్నారు. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి లోపల, ఫోన్లు పట్టుకుని ఇంటివాళ్లు బయట. ఆ ఎండలో గరికపాడు, రామాపురం మధ్య వరస కట్టాయి. విషయం తెలంగాణ హైకోర్టుకు వెళ్లింది. న్యాయమూర్తులు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చారు. బారికేడ్లు పక్కకు జరిగాయి. అంబులెన్సులు కోదాడ, మునగాల, సూర్యాపేట, నార్కట్‌పల్లి దాటి చిట్యాల మీదుగా హైదరాబాదు వైపు కదిలాయి.